స్కూబా, స్నార్కెల్ మాస్క్ అద్దానికి ఆవిరి పట్టకుండా ఎలా చూసుకోవాలి

నీటిలో ముఖం పెట్టిన రెండు నిమిషాలకే మాస్క్ అద్దం తెల్లగా మసకబారితే, కింద ఎన్ని చేపలు తిరుగుతున్నా మీకు కనిపించేది పాలపొగలాంటి తెలుపు మాత్రమే. స్నార్కెల్‌తో, అంటే నీటి పైకి తేలే ఊపిరి గొట్టంతో, పైన తేలుతున్నవారికి అది చిరాకుతో పోతుంది. సిలిండరుతో లోతుకు దిగినవారికి మాత్రం గాలి ఎంత మిగిలిందో, ఎంత లోతున్నారో చూపే గేజ్‌లో అంకెలు కనబడకపోవడం, బడ్డీ (జతగా దిగిన తోటి డైవర్) ఎటు వెళ్లాడో తెలియకపోవడం ప్రమాదానికి దారితీయవచ్చు. దీన్ని నివారించడానికి ఖరీదైన ద్రవాలేవీ కొననక్కరలేదు కానీ, పని ఒక క్రమంలో జరగాలి. అందులో ముఖ్యమైన భాగం నీటి దగ్గరకు వెళ్లకముందే, ఇంట్లో, సింకు ముందు పూర్తి కావాలి.

ముందుగా ఆవిరి ఎందుకు పడుతుందో చూద్దాం, ఎందుకంటే ఆ సంగతి తెలిస్తే కింది సూచనలను గుర్తుపెట్టుకోవాల్సిన అవసరమే ఉండదు. మాస్క్ లోపలి గాలి మీ ముఖం వేడికి, చర్మం మీది చెమ్మకు, ముక్కు నుంచి అప్పుడప్పుడు వదిలే ఊపిరికి వెచ్చబడి తేమతో నిండిపోతుంది. అద్దానికి అవతలి వైపున్న నీరు ఆ గాలి కంటే చల్లగా ఉంటుంది. పైగా నీరు గాలి కంటే సుమారు 25 రెట్లు ఎక్కువగా వేడిని లాగేసుకుంటుంది కనుక, అద్దం కొద్దిసేపట్లోనే నీటంత చల్లబడుతుంది. 35 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక ఘనపు మీటరు గాలి దాదాపు 40 గ్రాముల నీటి ఆవిరిని పట్టి ఉంచగలదు. అదే గాలి 25 డిగ్రీలకు చల్లబడితే 23 గ్రాములకు మించి పట్టదు. మిగిలిన 17 గ్రాములు ఎక్కడో ఒకచోట నీరుగా దిగాల్సిందే, మాస్క్‌లో అన్నిటికంటే చల్లని చోటు అద్దం.

ఇప్పుడు ఆ లెక్కను మాస్క్ కొలతకు కుదించి చూడండి. లోపలి ఖాళీ 200 మిల్లీలీటర్లు అనుకుంటే, అది ఒకసారి వెచ్చని ఊపిరితో నిండినప్పుడు అద్దం మీద దిగే నీరు సుమారు మూడున్నర మిల్లీగ్రాములు, అంటే ఒక నీటిచుక్కలో పదో వంతు కూడా ఉండదు. అంత కొద్ది నీరు అద్దం మీద పలుచని పొరగా పరచుకుంటే మీరు దాన్ని గమనించను కూడా గమనించరు. అదే నీరు వేలాది సూక్ష్మబిందువులుగా విడివిడిగా నిలబడితే ఒక్కో బిందువు వెలుతురును ఒక్కో వైపుకు చెదరగొట్టి అద్దాన్ని తెల్లగా మార్చేస్తుంది. బిందువులుగా నిలబడేలా చేసేవి రెండు: అద్దానికి అంటుకున్న జిడ్డు, నీటికి సహజంగా ఉన్న తలతన్యత, అంటే పరచుకోకుండా బిందువుగా ముడుచుకునే గుణం. కాబట్టి అద్దం మీద నీరు చేరకుండా ఆపాలని ప్రయత్నించకండి, అది మన చేతిలో లేదు. మీరు చేయాల్సింది జిడ్డును వదలగొట్టడం, ఆ తరువాత తలతన్యతను తగ్గించే పదార్థాన్ని పలుచగా పూయడం. మొదటి పని చేయకుండా రెండోది ఎంత చేసినా అయిదు నిమిషాల ముచ్చటే.

కొత్త మాస్క్‌ను మొదటిసారి శుభ్రం చేయడం

ముఖానికి ఆనుకునే మెత్తని సిలికాన్ అంచును స్కర్ట్ అంటారు. తయారీలోనూ, ఆ తరువాత పెట్టెలో మూతపెట్టి ఉన్న రోజుల్లోనూ, ఈ సిలికాన్‌కు సంబంధించిన జిడ్డు కంటికి కనిపించనంత పలుచగా అద్దానికి పడుతుంది. కొత్త మాస్క్ తళతళలాడుతూ శుభ్రంగా కనిపించడమే చాలామందిని మోసగిస్తుంది. పెట్టెలోంచి తీసి నేరుగా నీటిలోకి తీసుకెళ్లిన మాస్క్ ఆవిరి పట్టకపోతే అది అదృష్టమనే అనుకోవాలి.

పని మొదలుపెట్టే ముందు మీ మాస్క్ అద్దం దేనితో చేసిందో చూసుకోండి. డైవింగ్ మాస్క్‌లలో ఎక్కువ భాగం టెంపర్డ్ గ్లాస్‌తో (వేడిచేసి గట్టిపరచిన గాజుతో) వస్తాయి, ఆ మాట అద్దం మూల మీద చిన్న అక్షరాలతో చెక్కి ఉంటుంది. పిల్లల మాస్క్‌లు, చౌక రకాలు, ముఖమంతా కప్పే స్నార్కెల్ మాస్క్‌లు పాలీకార్బొనేట్ వంటి ప్లాస్టిక్‌తో చేసినవి కావచ్చు. గాజు అయితే కింద చెప్పిన రుద్దుడును తట్టుకుంటుంది. ప్లాస్టిక్ అయితే గీతలు పడతాయి, ఆ గీతలు ఇక పోవు. లోపలి వైపు ఆవిరి నిరోధక పూత ఉన్న అద్దాన్నీ రుద్దకూడదు, రుద్దితే డబ్బుపెట్టి కొన్న పూత కాస్తా లేచిపోతుంది. ఈతకు వాడే గాగుల్స్‌కు తరచుగా ఇలాంటి పూతే ఉంటుంది కనుక వాటి లోపల వేలు కూడా పెట్టకపోవడం మేలు.

గాజు మాస్క్ అని రూఢి అయ్యాక, ముందు గిన్నెలు కడిగే ద్రవం రెండు చుక్కలతో, గోరువెచ్చని నీటితో మాస్క్ అంతటినీ ఒకసారి కడిగి, అద్దం లోపలి వైపును పూర్తిగా ఆరనివ్వండి. తరువాత తెల్లని మామూలు టూత్‌పేస్ట్‌ను శనగగింజంత తీసుకుని, పొడి అద్దం మీద, లోపలి వైపున, వేలితో గుండ్రంగా రుద్దండి. మెరిసే జెల్ రకం పేస్ట్ ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే మనకు కావలసింది అందులోని సువాసన కాదు, తెల్లని పేస్ట్‌లో ఉండే సన్నని గరుకు పొడి. ఒక్కో అద్దానికి కనీసం రెండు నిమిషాలు పట్టనివ్వండి. మధ్యభాగాన్ని ఎవరైనా బాగానే రుద్దుతారు. గాజు ఫ్రేమును కలిసే అంచుల దగ్గర, ముక్కు వైపున్న మూలల్లో వేలు సరిగా చేరదు, నీటిలో ఆవిరి మొదలయ్యేది కూడా సరిగ్గా అక్కడి నుంచే. ఆ సందుల కోసం మెత్తని పాత బ్రష్ వాడవచ్చు. రుద్దిన పేస్ట్‌ను కాసేపు అలాగే ఆరనిచ్చి, గోరువెచ్చని నీటితో కడిగేసి, మళ్లీ ఆరబెట్టి, మళ్లీ రుద్దండి. మూడు నాలుగు విడతలు చేస్తే తప్ప కొత్త మాస్క్ దారికి రాదు.

చాలు అని ఎలా తెలుస్తుందంటే, దానికి రెండు పరీక్షలున్నాయి. మొదటిది నీటి పరీక్ష: కడిగిన అద్దాన్ని ఏటవాలుగా పట్టుకుని లోపలి వైపు నీరు పోయండి. నీరు తెరలా ఏకంగా జారిపోతే అద్దం శుభ్రంగా ఉన్నట్లు. ఎక్కడైనా తెర చిరిగి, తామరాకు మీది నీటిలా ముత్యాలుగా విడిపోతే అక్కడ జిడ్డు మిగిలి ఉన్నట్లు. రెండోది ఊపిరి పరీక్ష: ఆరిన అద్దం మీద నోటితో హా అని ఊదండి. వచ్చిన మసక వెంటనే, ఒకే తీరుగా మాయమవాలి. మచ్చలు మచ్చలుగా నిలిచిపోతే మరో విడత రుద్దాలి. ఒకసారి నేను రెండద్దాల మాస్క్‌లో ఎడమ దాన్ని మాత్రమే నాలుగు సార్లు రుద్ది, కుడి దాన్ని కొన్నది కొన్నట్లే ఉంచి, రెంటికీ పలుచగా షాంపూ పూసి కడిగి, మరుగుతున్న నీటి ఆవిరికి దూరంగా అడ్డం పట్టాను. కుడి అద్దం క్షణాల్లో సున్నం వేసిన గోడలా తెల్లబడింది. ఎడమ అద్దం మీద కూడా నీరు దిగింది, కాకపోతే అది కదులుతున్న సన్నని పొరలా ఉంది, దాని గుండా ఎదుటి కిటికీ ఊచలు లెక్కపెట్టగలిగాను. రెంటి మీదా ఒకే షాంపూ, ఒకే ఆవిరి. తేడా అంతా కింద మిగిలిన జిడ్డుదే.

లైటర్ మంటతో అద్దాన్ని కాల్చే పద్ధతి గురించి మీరు వినే ఉంటారు. మంట తగిలినచోట అద్దం నల్లబడుతుంది, జిడ్డు కాలిపోతుంది, చల్లారాక మసిని తుడిచేస్తారు. ఇది పనిచేస్తుంది, నేను కాదనను. కానీ ఒక మాస్క్ స్కర్ట్ అంచును వేలి మందంలో కాల్చుకుని, ఆ సందులోంచి ప్రతి డైవ్‌లోనూ నీరు కారుతుంటే పాడుచేసుకున్న అనుభవం నాకుంది కనుక ఎవరికీ సిఫారసు చేయను. ప్లాస్టిక్ అద్దానికి, పూత ఉన్న అద్దానికి, చూపు సరిదిద్దే లెన్సులను జిగురుతో అతికించిన మాస్క్‌కు మంట అసలే తగదు. టూత్‌పేస్ట్‌తో ఓపిక పడితే మంట అవసరం రాదు. అసిటోన్, థిన్నర్, పెట్రోల్ వంటివి సిలికాన్‌నూ ఫ్రేమునూ పాడుచేస్తాయి, గిన్నెలు తోమే ఇనుప పీచు గాజును కూడా గీస్తుంది; వీటిని దరిచేరనివ్వకండి.

ప్లాస్టిక్ అద్దమైతే పేస్ట్ జోలికి పోకుండా, పలుచని సబ్బునీటితో, చేతివేళ్లతోనే రెండు మూడు సార్లు కడిగి, గాలికి ఆరబెట్టండి. అంతకు మించి చేయగలిగింది లేదు, ఆ లోటును నీటిలో దిగే ముందు పూసే పూతతోనే పూడ్చుకోవాలి.

నీటిలో దిగే ముందు

ఇక్కడి నుంచి పని ప్రతి డైవ్‌కూ చేయాల్సిందే. పూతకు మూడు రకాలు వాడుకలో ఉన్నాయి: ఉమ్మి, పసిపిల్లల షాంపూ, ఆవిరి పట్టకుండా అంగట్లో అమ్మే డీఫాగ్ ద్రవం. మూడూ చేసేది ఒకే పని, నీటి తలతన్యతను తగ్గించి బిందువులను పొరగా పరచడం. ఉమ్మి ఎప్పుడూ వెంట ఉంటుంది, ఖర్చు లేదు, కళ్లను మండించదు. అయితే పడవ ఊగుతూ కడుపు తిప్పుతున్నప్పుడో, మొదటి డైవ్ బెదురులోనో నోరు పిడచగట్టుకుపోయి, సరిగ్గా కావలసిన క్షణాన ఉమ్మి రాదు. అందుకే నేను ఒక చిన్న సీసాలో పసిపిల్లల షాంపూ ఒక వంతు, మంచినీరు మూడు వంతులు కలిపి దగ్గర ఉంచుకుంటాను. పెద్దల షాంపూ, గిన్నెల ద్రవం కూడా ఇదే పని చేస్తాయి కానీ కళ్లను మండిస్తాయి. నీటి అడుగున కళ్లు మండితే నలుపుకోవడానికి వీలుండదు. కొన్న డీఫాగ్ ద్రవం మరికాస్త ఎక్కువసేపు నిలుస్తుంది, దాని సీసా మీద రాసిన సూచనను పాటించండి. కార్ల అద్దాలకు, కిటికీలకు వాడే స్ప్రేలు మాత్రం కళ్ల దగ్గరకు తేవద్దు.

ఏది వాడినా పద్ధతి ఒకటే. అద్దం పొడిగా ఉండాలి. తడి అద్దం మీద ఉమ్మి అయినా షాంపూ అయినా నిలవకుండా జారిపోతుంది. పడవ మీద చాలామంది ముందు మాస్క్‌ను నీటి బకెట్‌లో ముంచి, ఆ తరువాత ఉమ్ముతారు, క్రమం అక్కడే తారుమారవుతుంది. పొడి అద్దం లోపల పూతను వేసి, మూలలతో సహా వేలితో అంతటా రుద్ది, అర నిమిషం ఆగి, ఒక్కసారి, ఒకే ఒక్కసారి నీటిలో ముంచి తీయండి. వేలితో మళ్లీ రుద్దుతూ కడగకూడదు. ఉమ్మి అంటే ఏవగింపుతో మూడు నాలుగు సార్లు శుభ్రంగా కడిగేసుకుని, ఆ తరువాత అది పనిచేయదని ఫిర్యాదు చేసేవారిలో ఒకప్పుడు నేనూ ఒకణ్ణి. కంటికి కనిపించే నురగ పోవాలి, కనిపించని పొర మిగలాలి, అంతవరకే ఆ ముంపు. అందరి ఉమ్ముల మాస్క్‌లూ ముంచే ఉమ్మడి బకెట్ కంటే, మీ సీసాలోని మంచినీరో, నేరుగా సముద్రపు నీరో వాడుకోవడం ఆరోగ్యానికి మంచిది.

తరువాత ముఖం సంగతి. సన్‌స్క్రీన్, క్రీములు, నూనెలు ముఖం మీద నుంచి స్కర్ట్‌కు, అక్కడి నుంచి వేళ్ల ద్వారా అద్దానికి చేరి, సింకు దగ్గర మీరు పడిన శ్రమనంతా వృథా చేస్తాయి. కాబట్టి మాస్క్‌కు పూత వేశాక సన్‌స్క్రీన్ రాసుకోకండి. ముందే రాసుకుని, చేతులు కడుక్కుని, మాస్క్ ఆనే మేర నుదుటిని, చెంపలను నీటితో తుడుచుకోండి. ఒంటికి బిగుతుగా పట్టే వెట్‌సూట్‌లో చెమటలు కక్కుతూ ఒడ్డున నిలబడి మాస్క్ తగిలించుకుంటే లోపల చిన్న ఆవిరిగది తయారవుతుంది. మిగతా సామగ్రి అంతా తొడుక్కుని, దోసెడు నీళ్లు ముఖం మీద చల్లుకుని, ఒంటి వేడి తగ్గాక, చివరగా మాస్క్ పెట్టుకోండి. ఎండలో కాగిన మాస్క్ కూడా ఇదే ఇబ్బంది తెస్తుంది, దాన్ని నీడలోనే ఉంచండి.

పెట్టుకున్న మాస్క్‌ను ఇక తీయకండి. తీసిన ప్రతిసారీ వెచ్చని కొత్త గాలి లోపలికి చేరుతుంది, పూత కొంత పోతుంది. తప్పనిసరిగా తీయాల్సి వస్తే మెడలోకి దించుకోవాలి తప్ప నుదుటి మీదికి నెట్టుకోకూడదు. నుదురు వేడితో, చెమటతో ఉంటుంది, జిడ్డు కూడా అక్కడే ఎక్కువ. పైగా అల తగిలితే మాస్క్ కొట్టుకుపోతుంది, నుదుటి మీద మాస్క్ ఉన్న డైవర్‌ను చూసి ఆపదలో ఉన్నాడేమోనని చుట్టుపక్కలవారు కంగారుపడటమూ ఉంది.

నీటిలో ఉన్నప్పుడు

అన్నీ సరిగా చేసినా ఆవిరి వస్తోందంటే మీకు తెలియకుండానే ముక్కుతో ఊపిరి వదులుతూ ఉండవచ్చు. స్నార్కెల్ కొత్తగా వాడేవారిలో ఇది చాలా మామూలు. మాస్క్ పై అంచు దగ్గర నుంచి సన్నని బుడగలు వరుసగా పైకి పోతున్నాయేమో గమనించమని పక్కవారిని అడగండి. పోతుంటే కారణం అదే. ఊపిరిని నోటితోనే, నిదానంగా, పూర్తిగా వదలడం అలవాటైతే సగం సమస్య తీరుతుంది.

అయితే లోతుకు దిగుతున్నప్పుడు ముక్కుతో కొద్దికొద్దిగా మాస్క్‌లోకి గాలి వదలడం తప్పనిసరి, ఆవిరికి భయపడి దాన్ని మానకూడదు. 10 మీటర్ల లోతులో పీడనం నీటి పైభాగంతో పోలిస్తే రెండింతలవుతుంది, మాస్క్‌లోని గాలి సగానికి కుంచించుకుపోయి మాస్క్ ముఖాన్ని పీల్చేస్తుంది. గాలి వదలకపోతే కళ్లలో చిన్న రక్తనాళాలు చిట్లి ఎర్రబడతాయి. అవసరమైనంతే వదలండి, ఆ కొద్ది ఆవిరిని పూత చూసుకుంటుంది.

నీటి అడుగున అద్దం మసకబారితే, మాస్క్‌లోకి నీరు రానిచ్చి బయటకు పంపడం శిక్షణలో నేర్చుకున్నవారు ఇలా చేయాలి. ముందు బడ్డీకి సైగ చేసి, ఒకే లోతులో నిలకడగా ఉండండి. సిలిండరు గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ నోటిలో గట్టిగా ఉందని చూసుకుని, స్కర్ట్ అంచును వేలితో కాస్త ఎడం చేసి ఒకటి రెండు చెంచాల నీటిని రానివ్వండి. కాంటాక్ట్ లెన్సులు ఉంటే కళ్లు మూసుకోండి. తల వంచి కిందికి చూస్తూ అటూ ఇటూ మెల్లగా ఊపితే ఆ నీరు అద్దమంతా తిరిగి బిందువులను తుడిచేస్తుంది. తరువాత ఫ్రేము పై భాగాన్ని నుదుటికి నొక్కిపట్టి, తల కొద్దిగా పైకెత్తుతూ, ముక్కుతో ఒక దీర్ఘమైన ఊపిరి వదిలితే నీరు కింది అంచు నుంచి వెళ్లిపోతుంది. రెండు మూడు చుక్కలు లోపల మిగిలినా కంగారు లేదు, అద్దం మళ్లీ మసకబారితే వాటినే తిప్పుకోవచ్చు. ఈ విద్య రానివారు, ముఖ్యంగా స్నార్కెల్ వేసుకున్నవారు, కాలు అందని చోట మాస్క్‌ను కదపకుండా, ముఖం నీటి పైకెత్తి, తేలే సాధనాన్నో పడవ అంచునో పట్టుకున్నాకే మాస్క్ తీయాలి.

ముఖమంతా కప్పే స్నార్కెల్ మాస్క్ విషయం వేరు. అందులో తాజా గాలి కళ్ల ముందు నుంచి వచ్చి, ముక్కూ నోరూ కప్పే లోపలి గిన్నెలోకి చేరి, వదిలిన ఊపిరి వేరే దారిలో బయటకు పోవాలి. కళ్ల ముందు ఆవిరి పదేపదే పడుతోందంటే లోపలి గిన్నె ముఖానికి సరిగా ఆనలేదనో, కవాటం పాడైందనో అర్థం; అంటే మీరు వదిలిన ఊపిరినే మళ్లీ పీల్చుతున్నారేమోనని అనుమానించాలి. అటువంటప్పుడు పూతల గురించి ఆలోచించకుండా వెంటనే ఒడ్డుకు వచ్చి తీసేయండి.

వాడిన తరువాత

ఉప్పునీటిలో వాడిన మాస్క్‌ను మంచినీటిలో కాసేపు నానబెట్టి, కడిగి, నీడలో పూర్తిగా ఆరనిచ్చి, గట్టి పెట్టెలో పెట్టండి. తడితో పెట్టెలో మూసేస్తే స్కర్ట్ మీద నల్లని బూజు చుక్కలు వస్తాయి. అద్దం లోపలి వైపును వేళ్లతో తాకకండి. పెట్టెలో వారాల తరబడి ఉన్న మాస్క్‌కు సిలికాన్ జిడ్డు మళ్లీ పలుచగా పడుతుంది కనుక, పాత మాస్క్ అయినా సరే, గాజుదైతే ప్రయాణానికి ముందు రోజు రాత్రి పేస్ట్‌తో ఒక్క విడత రుద్ది, నీటి పరీక్ష చేసి, తెర చిరగకుండా జారుతోందని చూసుకుని, ఆరబెట్టి సర్దుకోండి.